వర్షానికి వెరవని వీరుడు - పెడ్రో రోడ్రిగెజ్

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల పందెం జరిగింది. చక్రాలు బయటికి కనిపించే ఆ ఒంటి సీటు కార్లు మనకు కొత్త. కానీ అలాంటి కార్లతోనే మెక్సికో దేశానికి పేరు తెచ్చినవాడు పెడ్రో రోడ్రిగెజ్.

ఇతడు 1940 జనవరి 18న మెక్సికో సిటీలో జన్మించాడు. తమ్ముడు రికార్డో 1942లో పుట్టాడు. అన్నదమ్ములిద్దరూ మొదట సైకిళ్ళు, తర్వాత మోటారు సైకిళ్ళు, ఆ పైన కార్ల పందేలలో దిగారు. ముందుగా పేరు వచ్చింది తమ్ముడికే. 1961లో 19 ఏళ్ళకే ఫెరారీ కారుతో ఇటలీ గ్రాండ్ ప్రిలో రెండో స్థానం నుండి బయలుదేరి అందరినీ ఆశ్చర్యపరిచాడు. కానీ 1962 నవంబరు 1న సొంత ఊరిలోనే, పందేనికి ముందు సాధన చేస్తూ ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 20 ఏళ్ళే.

ఆ దుఃఖంలో పెడ్రో పందేలు మానేద్దామనుకున్నాడు. చివరికి మనసు దిటవు చేసుకుని మరుసటి ఏడాదే మళ్ళీ స్టీరింగ్ పట్టాడు. 1967లో దక్షిణాఫ్రికా గ్రాండ్ ప్రి గెలిచి, ఫార్ములా వన్‌లో గెలుపొందిన తొలి మెక్సికన్‌గా నిలిచాడు. 1968లో లూసియన్ బియాంకితో కలిసి 24 గంటల లె మాన్స్ పందెం గెలిచాడు.

వాన పడితే ఇతరులు వేగం తగ్గించేవారు. పెడ్రోకు మాత్రం వానే చుట్టం. 1970లో ఇంగ్లాండులోని బ్రాండ్స్ హాచ్‌లో జోరువానలో నియమం తప్పాడని అధికారులు ఆపి మందలించారు. మారు మాట్లాడకుండా వెళ్ళి, వెనుకబడిన దూరాన్ని పూడ్చుకుని ఆ పందెం గెలిచాడు. అదే ఏడాది బెల్జియం గ్రాండ్ ప్రిని సుమారు ఒక్క సెకను తేడాతో గెలుచుకున్నాడు.

ఆ రోజుల్లో డ్రైవర్లకు రక్షణ ఏర్పాట్లు అంతంత మాత్రమే. 1971 జూలై 11న జర్మనీలోని నోరిస్‌రింగ్‌లో పెడ్రో కారు గోడకు కొట్టుకొని మంటల్లో చిక్కుకుంది. 31 ఏళ్ళకే అతడు కన్నుమూశాడు. మెక్సికో సిటీలోని పందెపు బాటకు ఆ అన్నదమ్ముల పేరే పెట్టుకున్నారు. ఫార్ములా వన్‌లో మరో మెక్సికన్ గెలవడానికి 50 ఏళ్ళు పట్టింది. 2020లో సెర్జియో పెరెజ్ ఆ కొరత తీర్చాడు.

మిత్రులారా! తమ్ముణ్ణి పోగొట్టుకుని కూడా లేచి నిలబడిన పెడ్రో పట్టుదల మనకు ఆదర్శం. అతని వేగం మాత్రం పందెపు బాటకే పరిమితం. హెల్మెట్లు, కట్టుబాట్లు ఉన్న చోటే ఒక తల్లి ఇద్దరు కొడుకులను పోగొట్టుకుంది. నాదర్‌గుల్ నుండి ఎల్.బి.నగర్ వెళ్ళే రోడ్డు మీద బండి ఎక్కేటప్పుడు ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మను ఒక్కసారి తలచుకుందాం.