పాల్ సబాటియర్

సబాటియర్–సెండరెన్స్ చర్య! రసాయన శాస్త్ర విద్యార్థులమైన మేము ఈ జంట నామాన్ని పరీక్షల ముందు వల్లెవేసి, తరువాత మరచిపోతుంటాము. ఆ పేర్ల వెనుకనున్న మనుష్యులెవరో తెలుసుకొనవలెనని మాకు ఆలస్యంగా తోచింది.

పాల్ సబాటియర్ 1854 నవంబరు 5న దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్ పట్టణంలో జన్మించారు. పారిస్‌లో బెర్తెలో వద్ద శిష్యరికం చేసి 1880లో డాక్టరేటు పొందారు. 1882లో తూలూజ్ చేరి, ముప్పయ్యవ యేట అక్కడనే ఆచార్యులైనారు.

1896లో మోయ్‌సాన్, మూరూ అను శాస్త్రజ్ఞులు నికెల్ వంటి లోహాల చూర్ణంపై ఎసిటిలీన్ వాయువును పంపగా లోహం ప్రజ్వరిల్లింది. వారు దానిని భౌతిక చర్యగానే భావించారు. సబాటియర్‌కు ఆ వివరణ రుచించలేదు. అయినను, వారు ఆ పరిశోధనను కొనసాగించబోరని విచారించి తెలుసుకొన్న పిదపనే తాము చేపట్టారు. ఈ మర్యాద నేడు కొందరికి వింతగా తోచవచ్చును!

సెండరెన్స్ అను క్రైస్తవ మతాచార్యుని తోడ్పాటుతో 1897లో ఎథిలీన్‌ను నికెల్ సమక్షంలో ఈథేన్‌గా మార్చారు. తరువాత బెంజీన్ వంతు వచ్చింది. బెంజీన్ వలయం సులభంగా లొంగేది కాదు. అట్టి బెంజీన్ ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి, సుమారు 180 డిగ్రీల వేడిలో నికెల్ చూర్ణం మీదుగా పంపగా, 1901 నాటికి సైక్లోహెక్సేన్ చేతికందింది. ఖరీదైన ప్లాటినం అవసరమే లేకపోయింది. రాగి స్వభావం వేరు. అది నైట్రోబెంజీన్‌ను ఎనిలీన్‌గా మార్చును గాని వలయం జోలికి పోదు. ఏ బంధాన్ని తాకవలెనో, దేనిని విడువవలెనో లోహమే నిర్ణయిస్తుందన్నమాట. గంధకం లేశమాత్రమున్నను నికెల్ నిర్వీర్యమగును. లోహం హైడ్రోజన్‌తో క్షణికమైన సమ్మేళనమేర్పరచి, వెంటనే దానిని విడిచిపెట్టునని సబాటియర్ ఊహించారు.

1912లో నోబెల్ బహుమానం సబాటియర్, గ్రిన్యార్‌లకు పంచబడింది. సెండరెన్స్ పేరు అందులో లేదు. ఇది మాకు న్యాయమనిపించదు. పాఠ్యపుస్తకాలు మాత్రం ఆ ఇరువురినీ విడదీయలేదు.

1907లో మోయ్‌సాన్, బెర్తెలోల మరణానంతరం పారిస్ నుండి పిలుపులు వచ్చినను సబాటియర్ తూలూజ్‌ను వీడలేదు. రాజధానిలో నివసించని వారికై ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ స్థానాలు కల్పించినపుడు, 1913లో మొదట ఎన్నికైనది వారే.

నూనెలను గట్టిపరచు పద్ధతికి 1902లో పేటెంటు పొందినది జర్మనీ దేశీయుడు నోర్మన్. మన వంటయిళ్ళకు వనస్పతి వచ్చినది ఆ దారినే. సబాటియర్ 1941 ఆగస్టు 14న తూలూజ్‌లోనే కన్నుమూశారు.