సి.వి.రామన్ - ధ్వనిశాస్త్ర కృషి

చంద్రశేఖర వేంకట రామన్ (నవంబరు 7, 1888 - నవంబరు 21, 1970) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త. కాంతి పరిక్షేపణంపై చేసిన పరిశోధనకు 1930లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అయితే కాంతి వైపు పూర్తిగా మళ్ళక మునుపు ఆయన అనేక సంవత్సరాలు ధ్వనిని, ముఖ్యంగా సంగీత వాద్యాల నాదగుణాన్ని పరిశోధించాడు. నాదం బాగున్నదీ లేనిదీ చెవి మాత్రమే తేల్చే విషయమని భావించే చోట, అందులో కొలవదగిన అంశాన్ని వేరుచేసి చూపడం ఈ కృషిలోని విశేషం.

బాల్యం, విద్యాభ్యాసం

రామన్ తిరుచిరాపల్లి వద్దనున్న తిరువానైక్కావల్‌లో చంద్రశేఖర అయ్యర్, పార్వతి అమ్మాళ్ దంపతులకు జన్మించాడు. 1892లో తండ్రి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడుగా చేరడంతో ఆయన బాల్యం ఆంధ్రదేశంలోనే గడిచింది. తండ్రి బోధించేది గణితం, భౌతికశాస్త్రం. అభిరుచి వయొలిన్ వాదనం. ఈ రెండూ కుమారునికి సంక్రమించాయి. రామన్ విశాఖపట్నంలోనే మెట్రిక్యులేషన్, ఎఫ్.ఎ. పూర్తిచేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పట్టాలు పొందాడు. సంగీత స్వరాలకు, వినికిడికి గల సంబంధంపై జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ రచించిన గ్రంథం విద్యార్థి దశలో ఆయనను గాఢంగా ప్రభావితం చేసింది.

ఉద్యోగం, పరిశోధన

1907లో రామన్ కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. ఉద్యోగ వేళలకు ముందు తెల్లవారుజామున, తిరిగి సాయంకాలం బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో పనిచేసేవాడు. 1876లో మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన ఆ సంస్థలో ఖరీదైన పరికరాలు లేవు. తీగెలు, తోలువాద్యాలు, వయొలిన్ వంటివి సులభంగా లభించేవి కనుక ధ్వనిశాస్త్రం అక్కడి పరిస్థితులకు అనువైనది. 1917లో జీతం తక్కువైనప్పటికీ ప్రభుత్వోద్యోగం వదలి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవిని స్వీకరించాడు.

వయొలిన్ ప్రయోగాలు

కమానుతో మీటిన తీగెల కంపనాలపై రామన్ 1918లో విస్తృతమైన గ్రంథం ప్రకటించాడు. మనిషి చేతితో వాయించినప్పుడు కమాను వేగం, ఒత్తిడి ప్రతిసారీ మారుతాయి. అందువల్ల ఆయన వయొలిన్‌ను యంత్రంతో వాయించే ఏర్పాటు చేసి, ఆ ప్రయోగాల ఫలితాలను 1920లో వెలువరించాడు. స్వరం నిలకడగా పలకడానికి కావలసిన కనీస ఒత్తిడిని వేర్వేరు శ్రుతుల వద్ద కొలిచాడు. ఈ ఒత్తిడి అన్ని శ్రుతులకూ ఒకేలా లేదు. వయొలిన్ పెట్టె బలంగా అనునాదం చేసే శ్రుతుల వద్ద అది పెరుగుతున్నది. ఆ విలువలతో గీసిన రేఖ ఆ వాద్యపు స్వభావచిత్రం వంటిది.

భారతీయ వాద్యాలు

సాధారణమైన తోలువాద్యంలో మూలస్వరంతో పాటు పలికే అతిస్వరాల పౌనఃపున్యాలు దానికి సరియైన గుణిజాలుగా ఉండవు. అందువల్ల డోలు, డప్పు వంటి వాటికి స్పష్టమైన శ్రుతి ఏర్పడదు. మృదంగం, తబలా ఇందుకు భిన్నమైనవని రామన్ 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో వివరించాడు. చర్మం మధ్యనుండే నల్లని పూత బరువు వలన కంపనరీతులు సర్దుకొని, తొమ్మిది రీతులు కలిసి అయిదు శ్రుతిబద్ధ స్వరాలుగా వినిపిస్తాయి. 1934లో ఈ అంశంపై మరింత వివరమైన వ్యాసం ప్రచురించాడు. తరతరాల వాద్యకారులు కేవలం చెవి ఆధారంగా సాధించినది గణితానికి కూడా నిలిచిందని ఈ పరిశోధన నిరూపించింది.

1921లో వీణ, తంబురాలను పరిశీలించాడు. తీగెను ఏ బిందువు వద్ద మీటితే, అక్కడ అస్పందన స్థానం గల అతిస్వరాలు పలకరాదన్నది అప్పటికి అంగీకరించిన సూత్రం. ఈ వాద్యాలలో అవి కూడా బలంగా వినిపిస్తాయి. తీగె ఆనుకొనే బ్రిడ్జి పైభాగం వెడల్పుగా, కొద్దిపాటి వంపుతో ఉండటం, కంపించే తీగె దానిని తాకుతూ విడుస్తూ ఉండటం ఇందుకు కారణమని ఆయన వివరించాడు.

నేటి హెడ్‌ఫోన్ పరీక్షతో పోలిక

హెడ్‌ఫోన్‌లను పరీక్షించే పద్ధతి రామన్ రూపొందించినది కాదు. కాని రెండింటి వెనుకనున్న ప్రశ్న ఒక్కటే: ఏ పౌనఃపున్యం వద్ద పరికరం ఎంతగా స్పందిస్తుంది? మానవుని వినికిడి పరిధి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌లు. ఆ పరిధిలోని స్వరాలను సమానమైన విద్యుత్ సంకేతాలుగా హెడ్‌ఫోన్‌కు అందించి, కృత్రిమ చెవిలో అమర్చిన మైక్రోఫోన్‌తో వెలువడిన ధ్వనిని కొలిచి రేఖాచిత్రం గీస్తారు. మంద్రస్థాయిలో స్పందన తగ్గితే మృదంగపు ఎడమవైపు గుంభనం పలచబడుతుంది. ఎగువస్థాయిలో తగ్గితే తంబురా అతిస్వరాలు మరుగై నాదం మొద్దుబారుతుంది. స్పందనలోని ఎగుడుదిగుడులు వయొలిన్‌కు ప్రత్యేకతనిస్తాయి. హెడ్‌ఫోన్‌లో అవే దోషం కావచ్చును. ఎందుకంటే వాద్యం నాదాన్ని సృష్టిస్తుంది, హెడ్‌ఫోన్ దానిని చేరవేస్తుంది. అయితే రేఖాచిత్రం ఒక్కటే తుది తీర్పు కాదు. చెవి నిర్మాణం, హెడ్‌ఫోన్ చెవికి అమరిన తీరు కూడా వినికిడిని మారుస్తాయి. కనుక కొలతతో పాటు పరిచితమైన సంగీతాన్ని విని చూడడం అవసరం.

తరువాతి జీవితం

1921 ఇంగ్లండు ప్రయాణంలో లండన్ సెయింట్ పాల్ చర్చి గుమ్మటంలోని గుసగుసల వరండాను రామన్ పరిశీలించాడు. అదే ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలివర్ణం ఆయనను కాంతి పరిశోధన వైపు మళ్ళించింది. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్ని ప్రకటించాడు. ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతం ఆ సంవత్సరమే కలకత్తాలో ఆయన వద్ద చేరి, తరువాత ప్రసిద్ధ శాస్త్రవేత్త అయ్యాడు. 1933లో రామన్ బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యాడు. అక్కడ నాగేంద్రనాథ్‌తో కలిసి, అతిధ్వని తరంగాల గుండా సాగే కాంతి వివర్తనానికి సిద్ధాంతం రూపొందించడంతో ధ్వని, కాంతి ఒకే పరిశోధనలో కలిశాయి. 1954లో భారతరత్న పురస్కారం లభించింది. 1970 నవంబరు 21న బెంగుళూరులో మరణించాడు. ఫిబ్రవరి 28వ తేదీని 1987 నుండి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నారు.