ఉద్యోగం పోయినా ఆగని పని: మన భీమవరం డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



ఉద్యోగం పోవడమనేది మన గోదావరి జిల్లాల కుటుంబాలకు కొత్త సంగతి కాదు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు అక్కడ పనిచేస్తున్న మనవాళ్ళు ఎంతోమంది కట్టుబట్టలతో ఇంటికి చేరారు. 2020లో కరోనా వచ్చినప్పుడు గల్ఫ్ నుంచి, హైదరాబాదు నుంచి మళ్ళీ అదే విధంగా వచ్చారు. మిల్లు మూతపడినా, దుకాణం యజమాని లెక్క చూసి మనుషుల్ని తగ్గించినా, ఇంట్లో జరిగేది ఒకటే. మొదటి నెల బంధువులు ఓదారుస్తారు, రెండో నెల అప్పులవాళ్ళు అడుగుతారు, మూడో నెలకు ఆ మనిషి వీధిలోకి రావడం మానేస్తాడు. అటువంటి రోజుల్లో మన జిల్లాలోనే పుట్టిన ఒక మహానుభావుని జీవితం తెలుసుకుంటే మనకు ధైర్యమూ వస్తుంది, దారీ కనబడుతుంది. ఆయనే కీర్తిశేషులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో కలిమి లేదు. పదమూడేళ్ళ వయసులో కుర్రవాడు సుబ్బారావు ఇల్లు విడిచి కాశీ దారి పట్టాడు. ఎందుకయ్యా అంటే, అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని! ఇంటివాళ్ళు వెనక్కి తీసుకొచ్చి రాజమండ్రి బడిలో వేశారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, స్నేహితుల సాయంతోను, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి ఆదరణతోను మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ మూర్తి గారి కుమార్తె శేషగిరి గారినే ఆయన తరువాత వివాహమాడారు.

ఆ రోజుల్లోనే ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో మరణించారు. ఆ జబ్బు ఆయనకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత దీనితో పని ఉంది.

మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఆయన ఖద్దరు వేసుకున్నారు. ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు గౌనే. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ప్రొఫెసరుకి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా ఇవ్వకుండా, అంతకంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. దానితో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఇంకొకరైతే అన్యాయం జరిగిందని ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉండేవారేమో. ఆయన మాత్రం తనకు వైద్యం చేసిన లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే శరీరశాస్త్రం చెప్పే పంతులుగా చేరారు. తాను చదివింది ఇంగ్లీషు వైద్యం, ఇది ఆయుర్వేదం కదా అని చిన్నచూపు చూడలేదు. దొరికిన పని చేస్తూనే పై చదువుకి అమెరికా వెళ్ళే ప్రయత్నం మొదలుపెట్టారు.

డబ్బు ఎక్కడిది? మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ గారి ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. ఆ నాయకర్ గారు రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన సొమ్ము పరుల మేలుకోసం విడిచివెళ్ళిన దాత. ఒకరి కష్టార్జితం మరొకరి చదువుకి ఎంత దూరం అక్కరకు వచ్చిందో చూడండి. మన సంఘానికి చందా ఇచ్చే ప్రతి ఒక్కరూ ఈ మాట తలచుకోవలసిందే.

1920ల మొదట్లో సుబ్బారావు గారు బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకి సీటు దొరికింది కాని స్కాలర్‌షిప్ లేదు. మన దేశపు పట్టాకి అక్కడ డాక్టరు ఉద్యోగం ఇవ్వరు. అందుకని పగలు చదువుకుంటూ, రాత్రిళ్ళు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. డాక్టరు పట్టా ఉన్నవాడు ఈ పనా అని సిగ్గుపడలేదు. ఆ కూలితోనే కడుపు నిండింది, చదువూ నడిచింది.

తర్వాత హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర పరిశోధనలో కుదిరారు. శరీరంలోని ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడుకలోకి వచ్చింది. 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని బయటపెట్టారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా అదే సంవత్సరం దానిని విడిగా కనిపెట్టాడు. మనం నడిచినా, బరువు ఎత్తినా, కండరానికి శక్తి అందించేది ఈ ఏ.టి.పి.యే. ఇప్పుడు ఇంటర్మీడియట్ పిల్లలు కూడా దీని గురించి చదువుతున్నారు. 1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టా వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. పదిహేనేళ్ళకు మించి ఒళ్ళు వంచి పనిచేసిన చోట ఇక ముందుకి దారి లేదని తేలిపోయింది. అప్పటికి ఆయన వయసు 45 సంవత్సరాలు. సొంత దేశం కాదు, ఆ దేశపు పౌరసత్వమూ లేదు. భారతీయులు పౌరసత్వం పొందడానికి వీలిచ్చే చట్టం అమెరికాలో 1946 దాకా రాలేదు. ఆ వయసులో, పరాయి దేశంలో, చేతిలో పదవి లేకుండా నిలబడడం ఎంత కష్టమో మన గల్ఫ్ సోదరులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఆయన ముందుచూపు చూడాలి. హార్వర్డ్‌లో ఉండగానే ఆయన లెడర్లే అనే మందుల కంపెనీ వారితో కలిసి కొంత పని చేస్తూ వచ్చారు. జంతువుల కాలేయంలో రక్తహీనతను పోగొట్టే పదార్థం ఏదో ఉందని, దానిని వేరుచేయాలని ఆయన ప్రయత్నం. అంటే ఒక తలుపు మూసుకునే నాటికి రెండో తలుపు సగం తెరిచే ఉంది. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న ఆ కంపెనీ ప్రయోగశాలలో పూర్తికాలం ఉద్యోగిగా చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన అంతటికీ అధిపతి అయ్యారు. విశ్వవిద్యాలయం గౌరవం వేరు, కంపెనీ కొలువు వేరు అని ఆనాడు చాలామంది అనుకునేవారు. ఆయన మాత్రం తన పని ఎక్కడ సాగుతుందో అక్కడికి వెళ్ళారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో జరిగినది ఒక్కొక్కటీ చెప్పుకోవాలి.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతకు ఈస్టు సారం గుణమిస్తోందని లూసీ విల్స్ అనే వైద్యురాలు అంతకు ముందే గమనించారు. అందులోని అసలు పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన సంగతిని సుబ్బారావు గారి బృందం 1945లో ప్రకటించింది. ఈనాడు అంగన్‌వాడీలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను మన ఆడపిల్లలకిచ్చే ఐరన్ బిళ్ళలో కలిసి ఉన్నది ఇదే. అంతేకాదు, స్ప్రూ జబ్బుకు కూడా ఫోలిక్ ఆమ్లం మందుగా పనికివచ్చింది. తన సోదరులను బలిగొన్న జబ్బుకే ఆయన బృందం తయారుచేసిన పదార్థం విరుగుడు అయింది.

రెండవది, ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు లెడర్లేలో తయారైన అమినాప్టెరిన్ ఇవ్వగా 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ సంగతి 1948లో ప్రకటించారు. ఆ మేలు కొంతకాలమే నిలిచినా, అంతవరకు ఆ జబ్బుకు మందే లేదు. అదే జాతికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సరుకీ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

మూడవది ఆరియోమైసిన్. ఇది కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ గారి కథ మన విషయానికి చాలా దగ్గరది. ఆయన మొక్కల శాస్త్రంలో ప్రొఫెసరు. వయసు 70 దాటిందని విశ్వవిద్యాలయం ఆయనకు విశ్రాంతి ఇచ్చి పంపింది. అటువంటి ముసలాయనకు లెడర్లేలో పని దొరికింది. అక్కడ మట్టి నమూనాలు పరీక్షించి ఈ మందు సాధించారు. 1948లో ప్రకటించిన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు పుట్టినప్పుడు జనం చేత మింగించినవి ఆ జాతి బిళ్ళలే.

నాలుగవది మన డెల్టాకు సొంతం అనదగినది. బోదకాలు అంటే ఏమిటో మన పల్లెల్లో తెలియనివారు లేరు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుడితే ఆ పురుగు ఒంట్లో చేరుతుంది. ఏళ్ళు గడిచాక కాలు ఏనుగు కాలంత అవుతుంది. ఆ మనిషి కూలికి పోలేడు, ఉద్యోగమూ నిలవదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు కూడా ఈ జబ్బు అంటింది. 1947లో సుబ్బారావు గారి బృందం హెట్రజాన్ అనే మందు తెచ్చింది. దానినే మనం డి.ఇ.సి. అంటాము. 2004 నుంచి మన దేశంలో ఇంటింటికీ ఫైలేరియా బిళ్ళలు పంచిన కార్యక్రమంలో ఇచ్చినవి ఇవే. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు ఆ జబ్బున్న జిల్లాల జాబితాలోవే. భీమవరం బిడ్డ పెర్ల్ రివర్‌లో చేసిన పని చివరికి మన గుమ్మంలోకే వచ్చిందన్నమాట.

ఈ జీవితంలో లోటు కూడా ఉంది, దానిని దాచకూడదు. బోస్టన్ వెళ్ళినది మొదలు ఆయన మళ్ళీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, గుండెపోటుతో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. తన పేరు చాటుకోవడం ఆయనకు చేతకాదు. అందువల్ల ఆయన మందులు వాడినవారు కోట్లమంది అయినా పేరు తెలిసినవారు తక్కువ. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. డబ్బు కోసం దూరదేశం పోయిన ప్రతి మనిషీ ఇంటి సంగతి కూడా చూసుకోవాలని ఆయన జీవితమే మనకు చెబుతోంది.

ఇక, పని పోయిన మన సోదరులకు ఈ కథలో పనికివచ్చే సంగతులు ఏమిటి?

పోయింది పదవే గాని, చేతిలోని పనితనం కాదు. హార్వర్డ్ వదిలిన రోజున కూడా సుబ్బారావు గారికి తెలిసిన రసాయనశాస్త్రం ఆయన వెంటే ఉంది. వెల్డింగు తెలిసినవాడికి వెల్డింగు, లెక్కలు రాసేవాడికి లెక్కలు, వంట తెలిసినవాడికి వంట అలాగే ఉంటాయి. ముందు ఒక కాగితం మీద తనకు ఏమేమి వచ్చునో రాసుకోవాలి.

పెద్ద ఉద్యోగం దొరికేదాకా చిన్న పని చేయడం నామోషీ కాదు. రాత్రిపూట పాత్రలు కడిగిన చేతులే తర్వాత ఇన్ని మందులు అందించాయి.

ఉద్యోగంలో ఉండగానే బయట నలుగురితో పరిచయం, ఇంకొక విద్య అలవరచుకోవాలి. అన్నీ పోయాక వెతకడం కష్టం.

పాత చోటు విడిచేటప్పుడు అనుభవ పత్రం, జీతం కాగితాలు, ప్రావిడెంట్ ఫండు నంబరు, రావలసిన గ్రాట్యుటీ వివరాలు అడిగి తీసుకోవాలి. కోపంతో చేతులు దులుపుకొని వచ్చేస్తే నష్టం మనదే. ఇంట్లో భార్యకు, ఎదిగిన పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, నెల ఖర్చు కలిసి కూర్చొని లెక్క వేసుకోవాలి. పరువు కోసం అధిక వడ్డీకి అప్పు చేయవద్దు.

ఆఖరుగా దుకాణాలు, వర్క్‌షాపులు, బడులు నడుపుతున్న మన సభ్యులకు ఒక మనవి. 70 దాటిన డగ్గర్ గారికి పని ఇచ్చిన చోటే గొప్ప మందు పుట్టింది. పని పోయి మీ దగ్గరకు వచ్చినవాడి వయసు చూడకండి, చేతిపని చూడండి. మీ దగ్గర ఖాళీ లేకపోతే తెలిసిన ఇంకొక చోటు పేరు చెప్పి, మీరే ఫోను చేసి పంపండి. ఆ ఒక్క ఫోనుతో ఒక ఇంటి పొయ్యి మళ్ళీ వెలగవచ్చు.