ఏడేళ్ళ తరువాత ఒక్కడు



గత నెలలో ఒక గ్రామ సంఘ కాపరి మాకు రెండు పేజీల ఉత్తరం రాశారు. ఆయన పేరు, ఊరు ఇక్కడ చెప్పడం లేదు. ఏడేళ్ళుగా అదే ఊళ్ళో సేవ చేస్తున్నారు. ఆదివారం ఆరాధనకు వచ్చేవి మూడు కుటుంబాలు, అందులో ఒకటి ఆయన సొంత కుటుంబమే. ఆయనతోపాటు బైబిలు ట్రైనింగు పొందిన సహోదరుడు పక్క మండలంలో మందిరం కట్టి, ఇప్పుడు పై అంతస్తు వేయిస్తున్నారట. దేవుడు తనను నిజంగా పిలిచాడా, లేక తానే తొందరపడి వచ్చాడా అన్నది ఆయన ప్రశ్న.

ఏడేళ్ళు అన్న మాట చదవగానే మాకు విలియం కేరీ గారు గుర్తొచ్చారు. మన సంఘాల్లో ఆయన పేరు తెలియనివారు తక్కువ. సండేస్కూలు పిల్లలు కూడా చెప్పులు కుట్టినవాడు, బైబిలు అనువదించినవాడు అని చెప్పేస్తారు. కానీ ఆ రెండింటి మధ్య గడిచిన సంవత్సరాలను మనం ఎందుకో దాటవేస్తాం. ఈ వారం ఆ దాటవేసిన భాగం దగ్గరే కాసేపు ఆగుదాం.

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైర్‌లో, పాలర్స్‌పురి అనే పల్లెలో పుట్టారు. తండ్రి నేతపనివాడు, తరువాత ఊరి బడిలో పంతులయ్యాడు. పిల్లవాడికి ఎండ పడేది కాదు, చర్మం మంటలెత్తేది. పొలం పని కుదరక జోళ్ళు కుట్టే పని నేర్చుకోవడానికి పెట్టారు. కుట్టు పీట పక్కన పుస్తకం పెట్టుకుని లాటిను, గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నారు. గోడకు చేత్తో గీసిన ప్రపంచ పటం తగిలించి, ఒక్కో దేశం మీద అక్కడి జనాభా, మతం రాసుకునేవారట. చాలా ఏళ్ళ తరువాత మన దేశంలో ఒక పెద్ద విందులో ఎవరో ఆయన పాత వృత్తిని ఎత్తిచూపి చిన్నబుచ్చబోతే, తాను జోళ్ళు తయారుచేసేవాణ్ణి కూడా కాదని, పాతవి బాగుచేసేవాణ్ణి మాత్రమేనని కేరీ గారే సరిదిద్దారని చెబుతారు. తోలు పనిచేసిన తాతల మనవలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. తాత పని చెప్పడానికి ఇంకా తలవంచుకునే యువకులకు ఈ సంగతి చెప్పాలని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1781లో, ఇంకా ఇరవై నిండకముందే, డొరతీ ప్లాకెట్ అనే ఆమెను పెండ్లి చేసుకున్నారు. ఆమెకు చదువు రాదు. పెండ్లి రిజిస్టరులో సంతకానికి బదులు గీత గుర్తు పెట్టింది. మొదటి బిడ్డ రెండేళ్ళకే చనిపోయింది. కేరీ గారు బాప్తిస్టు సంఘంలో చేరి మౌల్టన్‌లోను, ఆ తరువాత లెస్టర్‌లోను కాపరిగా ఉన్నారు. సంఘం ఇచ్చే జీతం చాలక మౌల్టన్‌లో బడి పెట్టారు, జోళ్ళూ కుట్టారు. అన్యజనులకు సువార్త చేర్చడం మన బాధ్యతేనని 1792లో చిన్న పుస్తకం రాశారు. ఆ ఏడు అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంటి గదిలో పద్నాలుగుమంది కూడి మిషనరీ సొసైటీ స్థాపించారు. ఎవరెంత ఇవ్వగలరో చీటీల మీద రాసి ఒక నశ్యం డబ్బాలో వేశారు. మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. కేరీ గారి చేతిలో ఇవ్వడానికి డబ్బు లేదు, తన పుస్తకం మీద వచ్చే లాభం ఇస్తానన్నారు.

ఇక్కడివరకు ప్రసంగాల్లో విన్నదే. తరువాతిది తక్కువగా వింటాం.

డొరతీ గారికి ఇండియాకు రావడం ఇష్టం లేదు. ఊరి పొలిమేర దాటి పెద్దగా ఎరుగని మనిషి, పైగా నిండు గర్భిణి. భర్త పెద్ద కొడుకు ఫీలిక్సును వెంటబెట్టుకుని, ఆమెను వదిలి ఓడ ఎక్కడానికి సిద్ధమయ్యారు. తోడుగా వస్తున్న డాక్టరు జాన్ థామస్ గారి అప్పులవల్ల ఆ ప్రయాణం ఆగింది. ఈలోగా బిడ్డ పుట్టాడు. మళ్ళీ వెళ్ళి అడిగితే, చెల్లెలు కిట్టి కూడా వస్తేనే వస్తానంది. ఒడిలో పసిగుడ్డుతో, మరో ముగ్గురు మగపిల్లలతో 1793 జూనులో డెన్మార్కు ఓడ ఎక్కింది. అయిదు నెలల ప్రయాణం. నవంబరులో కలకత్తా చేరేసరికి ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే గిట్టదు. తెచ్చుకున్న డబ్బు త్వరగానే అయిపోయింది. ఇల్లు మీద ఇల్లు మారారు. కొంతకాలం సుందరవనాల అంచున ఉన్నారు. తల్లికీ పిల్లలకూ విరేచనాల జబ్బు పట్టుకుంది.

1794లో ఉత్తర బెంగాలులోని మద్నాబాటిలో నీలిమందు ఫ్యాక్టరీ చూసే ఉద్యోగం దొరికింది. కడుపుకు ఇంత తిండి కుదిరింది అనుకునేలోగా, ఆ ఏడే అయిదేళ్ళ పీటరు చనిపోయాడు. సమాధి తవ్వడానికి మనుషులు దొరకడం కూడా కష్టమైంది. ఆ తరువాతే డొరతీ గారి మనసు చెదిరింది. భర్త తనకు ద్రోహం చేస్తున్నాడని గట్టిగా నమ్మింది. వీధిలో అరిచేది, మీదికి వచ్చేది. చివరికి గదిలోనే ఉంచవలసి వచ్చింది. 1807 డిసెంబరులో ఆమె కన్నుమూసేవరకు, అంటే పన్నెండేళ్ళకు పైగా, ఆ ఇంట్లో అదే పరిస్థితి. పక్క గదిలో ఆమె కేకలు వినబడుతుండగా కేరీ గారు అనువాదం చేసేవారని చూసినవారు రాశారు.

మేము ఈ సంగతి చదివిన ప్రతిసారీ రెండు విధాలుగా ఆలోచిస్తాం. ఆయన ఆమెను వదిలించుకోలేదు, కడవరకు తన ఇంట్లోనే ఉంచుకున్నారు. అది చిన్న సంగతి కాదు. అయినా ఆమె ఇష్టపడకుండా బయలుదేరదీశారన్నదీ నిజమే. సెమినరీ రోజుల్లో మేము దీన్ని సేవకోసం చేసిన త్యాగం అని తేలికగా రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ కాపరి పని తరువాత అలా రాయడానికి చేయి రాదు. ఆ త్యాగంలో ఎక్కువ పాలు ఎవరు చెల్లించారో ఇప్పుడు తెలుస్తోంది. డొరతీ గారి పేరు మీద మనం ఒక్క కూటమైనా జరిపామా? పిల్లల సంగతీ అంతే. 1800లో కుటుంబం సేరంపూర్ చేరేసరికి కేరీ గారి మగపిల్లలు అదుపులేకుండా తిరుగుతున్నారు. తండ్రి గట్టిగా మందలించే మనిషి కాదు, తల్లికి స్పృహ లేదు. వాళ్ళను దారిలో పెట్టింది తోటి మిషనరీ మార్ష్‌మన్ గారి భార్య హన్నా గారు, ప్రెస్సు నడిపిన విలియం వార్డు గారు. సేవకుల పిల్లలను పెంచిపెట్టిన అటువంటి అత్తమ్మలు, బాబాయిలు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారి పేర్లు ఏ సావనీరులోనూ పడవు.

సేవ మాటేమిటి? మద్నాబాటిలో ఆరేళ్ళు. బడి పెట్టారు, ఊళ్ళు తిరిగారు, బెంగాలీలో బోధించారు. బెంగాలీలలో ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. తరువాత డెన్మార్కు పాలనలో ఉన్న సేరంపూర్‌కు మారారు. అక్కడ కృష్ణపాల్ అనే వడ్రంగికి భుజం కీలు తప్పింది. డాక్టరు థామస్ గారు వెళ్ళి సరిచేసి, సువార్త చెప్పారు. 1800 డిసెంబరు 28న హుగ్లీ నదిలో కేరీ గారు ముందు తన కొడుకు ఫీలిక్సుకు, ఆ వెనుక కృష్ణపాల్‌కు బాప్తిస్మమిచ్చారు. దేశానికి వచ్చి ఏడేళ్ళు దాటాక ఒక్కడు. ఆ సంతోషం తట్టుకోలేక థామస్ గారికి మతి తప్పింది. నది ఒడ్డున బాప్తిస్మం జరుగుతుంటే ఒక గదిలో ఆయన, మరో గదిలో డొరతీ గారు కేకలు వేస్తున్నారు. పండుగ రోజు కూడా ఆ మిషను ఇంట్లో అలా గడిచింది.

ఆ తరువాత పని వేగం అందుకుంది. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడు కలకత్తాలో ఫోర్టు విలియం కాలేజీలో భాషలు బోధించే ఉద్యోగం వచ్చింది. నెలకు 500 రూపాయల జీతం. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. కొంచెం ఖర్చులకు ఉంచుకుని మిగతాదంతా మిషను ఉమ్మడి సంచిలో వేశారు. మార్ష్‌మన్, వార్డు గార్లూ అలాగే చేశారు. భాష భాషకు పండితులను పెట్టి అనువాదాలు మొదలుపెట్టారు. అందులో మన తెలుగూ ఉంది. తెలుగులో సువార్తలను పట్టుదలగా అనువదించినవారు విశాఖపట్నంలో లండన్ మిషనుకు చెందిన క్రాన్, డెస్ గ్రాంజెస్ గార్లు, వారికి సహాయపడిన ఆనందరాయరు గారు. 1809లో క్రాన్ గారు, 1810లో డెస్ గ్రాంజెస్ గారు చనిపోయారు. వారు వదిలివెళ్ళిన సువార్తలు అచ్చయింది సేరంపూర్ ప్రెస్సులోనే, 1812లో.

ఆ 1812 మార్చి 11 సాయంత్రమే ఆ ప్రెస్సుకు నిప్పంటుకుంది. దాదాపు రెండు వందల అడుగుల పొడవున్న భవనం. వార్డు గారు తలుపులు, కిటికీలు మూయించి, పైకప్పుకు కన్నం చేయించి గంటల తరబడి నీళ్ళు పోయించారు. మంట అణగుతున్న సమయంలో ఎవరో మంచి ఉద్దేశంతోనే కిటికీ తెరిచారు. గాలి తగిలి మళ్ళీ లేచింది, అర్ధరాత్రికి కప్పు కూలిపోయింది. కాగితం రీములు, అనేక భాషల అచ్చు అక్షరాలు, రాతప్రతులు పోయాయి. కేరీ గారు ఏళ్ళ తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు పోయింది. తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా ఆ బూడిదలో కలిసింది. నష్టం పది వేల పౌండ్ల దాకా అని లెక్కగట్టారు.

కేరీ గారు అప్పుడు కలకత్తాలో ఉన్నారు. తెల్లవారాక మార్ష్‌మన్ గారు వెళ్ళి చెబితే కాసేపు నోట మాట రాలేదట. సాయంత్రం సేరంపూర్ వచ్చి చూసుకున్నారు. అప్పటికే వార్డు గారు శిథిలాలు తవ్విస్తున్నారు. అక్షరాలు పోతపోసే ఉక్కు అచ్చులు చెడిపోకుండా దొరికాయి, ముద్రణ యంత్రాలు మిగిలాయి. కరిగి ముద్దయిన సీసాన్నే మళ్ళీ కరిగించి పోతపోయడం మొదలుపెట్టారు. వార్త ఇంగ్లాండు చేరాక రెండు నెలలలోపే నష్టపోయినంత డబ్బు పోగయింది, ఇక పంపవద్దని చెప్పవలసి వచ్చింది. కానీ రాతప్రతులు డబ్బుతో రావు కదా. కేరీ గారికి అప్పటికి యాభై ఏళ్ళు. మళ్ళీ మొదటి కాగితం తీసుకుని కూర్చున్నారు. ఆ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయి బయటికి వచ్చింది. తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. సేరంపూర్ తెలుగు అనువాదం జనంలో నిలవలేదు. విశాఖపట్నంలో ప్రిచెట్, గోర్డన్ గార్లు, వారి తరువాతివారు మళ్ళీ అనువదించారు. ఈ రోజు మన చేతిలో ఉన్న బైబిలు కేరీ గారిది కాదు. అంత కష్టపడి, కాలిపోయాక కూడా తిరిగి చేసిన పనిని వెనుకవచ్చినవారు పక్కన పెట్టి కొత్తగా చేశారు. తన గురించి ఎవరైనా రాయాలనుకుంటే, అడుగు వెనుక అడుగు వేస్తూ పోగలవాడు అని రాస్తే చాలు, అంతకుమించి ఏదీ వద్దని ఆయన మేనల్లుడికి చెప్పి ఉంచారు.

ఇంగ్లాండులో ఆయన చెల్లెలు ఒకామె ఉండేది. ఇంట్లో పాలీ అని పిలిచేవారు. వెన్ను జబ్బుతో దాదాపు యాభై ఏళ్ళు మంచం మీదే గడిపింది. చాలాకాలం మాట కూడా లేదు. కదిలే కుడిచేతితో పలక మీద, కాగితం మీద రాసేది. అన్న తన పని వివరాలన్నీ ఆమెకు రాసేవారు, ఆమె వాటిని పట్టుకుని ప్రార్థన చేసేది. మంచం పట్టిన మన తల్లులకు ప్రార్థన చీటీలు ఇచ్చి వచ్చే అలవాటు ఉన్న సంఘాలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ అలవాటు మానవద్దు.

1829 డిసెంబరులో సతీసహగమనాన్ని నిషేధిస్తూ బెంటింక్ ప్రభుత్వం చట్టం చేసింది. బెంగాలీలోకి అనువదించమని కాగితం కేరీ గారికి వచ్చినది ఆదివారం. ఆయన ఆ రోజు ప్రసంగం వేరొకరికి అప్పగించి, పండితుణ్ణి కూర్చోబెట్టుకుని సాయంత్రంలోగా ముగించారు. ఒక గంట ఆలస్యమైనా ఎక్కడో ఒక విధవరాలు చితి ఎక్కవలసి రావచ్చని ఆయన భయం. ఆదివారం ఆచారం గురించి మన దగ్గర జరిగే వాదాలు విన్నప్పుడు మాకు ఈ ఆదివారం గుర్తొస్తుంది.

1834 జూన్ 9న సేరంపూర్‌లో ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళారు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు.

ఉత్తరం రాసిన కాపరి గారికి ఈ కథంతా రాసి పంపుదామని మొదట అనుకున్నాం. తీరా మళ్ళీ ఆ ఉత్తరం చదివితే, రెండో పేజీ చివర, సంతకానికి పైన, మొదటిసారి మేము దాటవేసిన వాక్యం ఒకటి కనబడింది. ఈ మధ్య తన భార్యకు రాత్రులు నిద్ర పట్టడం లేదని, ఎవరితోనూ మాట్లాడటం లేదని రాశారు. మేము మా జవాబును అక్కడినుంచే మొదలుపెట్టి, ముందు ఆమె ఎలా ఉన్నారని అడిగాం. వచ్చే వారం మా ఇంటివారిని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్తున్నాం.