చిన్న పడవ చేసిన పెద్ద మనిషి

మా వైపు సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. రెండు పళ్ల ఎడ్లకొక పోటీ, నాలుగు పళ్ల వాటికొకటి, ఆరు పళ్ల వాటికి ఇంకొకటి. ఎంత విడదీసినా ఒక తేడా మాత్రం పోదు. పందెం కోసమే ఉలవలు పెట్టి మేపిన మోతుబరి జతకూ, పొద్దున దాకా పొలం దున్ని వచ్చిన మా నాన్న జతకూ పోటీ ఎక్కడ? గెలిచింది తోలినవాడి నేర్పా, ఇంటివాడి డబ్బా? ఇది చిన్నప్పటి నుంచీ నన్ను పట్టుకున్న సందేహం. దానికి జవాబు ఎడ్లనూ పొలాలనూ వదిలి, ఎక్కడో అమెరికా తీరంలో, పడవ పందేల్లో దొరుకుతుందని నేననుకోలేదు. ఆ జవాబును కర్రలో చెక్కి చూపించిన మనిషి నెథానియల్ హెరెషాఫ్.

ఆయన 1848 మార్చి 18న రోడ్ ఐలండ్ రాష్ట్రంలో బ్రిస్టల్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. అన్న జాన్‌కు చదువుకునే వయసులోనే చూపు పూర్తిగా పోయింది. పడవ ఎక్కితే తమ్ముడే అన్నకు కళ్లు. నెథానియల్ 1866 నుంచి మూడేళ్లు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, ప్రావిడెన్స్‌లోని కార్లిస్ స్టీమ్ ఇంజను కంపెనీలో ఉద్యోగం చేశాడు. 1878లో అన్నదమ్ములు కలిసి బ్రిస్టల్‌లో పడవల కంపెనీ పెట్టారు. బేరసారాలు అన్నవి, రూపకల్పన తమ్ముడిది.

ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. ముందు కాగితం మీద గీసేవాడు కాదు. పడవను ముక్కు నుంచి వెనక దాకా నిలువునా చీలిస్తే వచ్చే సగం ఎలా ఉంటుందో, ఆ సగాన్ని చిన్న కొలతలో కర్రతో చెక్కేవాడు. అన్న దాన్ని వేళ్లతో తడిమి వంపుల్లోని మంచిచెడ్డలు చెప్పేవాడు. తర్వాత ఆ నమూనా మీద తీసిన కొలతలను పెంచి అసలు పడవ కట్టేవారు. విత్తనాన్ని గుప్పిట్లోకి తీసుకుని నాణ్యం చెప్పే రైతుల మధ్య పెరిగిన నాకు ఇది నమ్మదగిన సంగతే.

యౌవనమంతా ఆయన వేగం వెంట పడ్డాడు. 1888లో ఒక ఆవిరి పడవకు వేగపరీక్ష చేస్తుండగా బాయిలరు ప్రమాదం జరిగి ఒక మనిషి చనిపోయాడు. ఆయన ఇంజనీరు లైసెన్సు పోయింది. ఆ దెబ్బ తర్వాత తెరచాప పడవల వైపే ఎక్కువగా మళ్లాడు. 1893 నుంచి 1920 దాకా ఆరుసార్లు జరిగిన అమెరికా కప్పు పోటీల్లో, ఆరుసార్లూ గెలిచినవి ఆయన పడవలే. వాటిలో 1903 నాటి రిలయన్స్ మరీ బ్రహ్మాండమైనది. పొడవు సుమారు 144 అడుగులు, తెరచాపలు 16 వేల చదరపు అడుగుల పైమాటే.

అయితే ఇలాంటి పందెం డబ్బున్న వాళ్ల పందెం. పొడవు, తెరచాప, బరువు లెక్కగట్టి పడవలను తూచే ఒక సూత్రం కూడా ఆయనే తయారుచేశాడు. న్యూయార్క్ యాట్ క్లబ్ 1903లో దాన్ని అమల్లో పెట్టింది. మా ఎడ్ల పళ్ల లెక్క లాంటిదే అనుకోండి. సూత్రం ఎంత బాగున్నా, దానికి తగ్గట్టు కొత్త పడవ కట్టించుకోగలవాడిదే పైచేయి అవుతుంది.

దీనికి రెండో దారి, పడవలన్నీ ఒకేలా కట్టడం. అప్పుడు గాలిని కనిపెట్టే కన్నూ, చుక్కాని పట్టిన చెయ్యీ మాత్రమే గెలిపిస్తాయి. ఇలాంటి పడవలు ఆయన అంతకుముందూ కట్టాడు. వాటిలో అందరికీ ప్రీతిపాత్రమైనది 1914లో పుట్టింది. బజార్డ్స్ బే అనే అఖాతంలో గాలి జోరెక్కువ, అలలు పొట్టిగా నిట్టనిలువుగా లేస్తాయి. అక్కడ పిల్లలు పడవ నడపడం నేర్చుకోవడానికి ఒకటి కావాలని రాబర్ట్ ఎమ్మన్స్ అనే ఆయన అడిగాడు. అప్పటికి హెరెషాఫ్‌కు 66 ఏళ్లు. ఆయన చెక్కిన పడవ పొడవు 16 అడుగులకు కాస్త తక్కువ. నీటిని తాకే పొడవు పన్నెండున్నర అడుగులు కాబట్టి దాని పేరే హెరెషాఫ్ 12½ అయింది. అడుగున నీటిలోకి దిగే భాగాన్ని కీల్ అంటారు. అందులో పోసిన సీసం పడవ మొత్తం బరువులో దాదాపు సగం. గాలి ఒక పక్కకు వంచితే ఈ కింది బరువు మళ్లీ నిటారుగా లేపుతుంది. భౌతికశాస్త్రంలో మనం చదివే గరిమనాభి పాఠమే ఇది. తెరచాపలు సుమారు 140 చదరపు అడుగులు, అంటే రిలయన్స్‌లో నూరోవంతు కూడా లేవు.

అన్నీ ఒకేలా ఎలా వచ్చేవంటే, పడవ పక్కటెముకల్లో ప్రతిదానికీ విడిగా ఒక మూస ఉండేది. ఆవిరిలో మెత్తబరిచిన ఓక్ కర్రను ఆ మూస మీద వంచి, పడవను బోర్లించి పలకలు కొట్టేవారు. మూస మారదు కాబట్టి పడవా మారదు. కలవారి పిల్లవాడికి కొంచెం సన్నటి పడవ, మరొకడికి మొద్దు పడవ అన్న మాట లేదు.

1915లో అన్న చనిపోయాడు. 1924లో కంపెనీ వేలానికి వచ్చి చేతులు మారింది. ఆ చిన్న పడవలు మాత్రం అదే కార్ఖానాలో 1943 దాకా మూడు వందలకు పైగా తయారయ్యాయి. హెరెషాఫ్ 1938 జూన్ 2న, తొంభై ఏళ్ల వయసులో, పుట్టిన ఊళ్లోనే కన్నుమూశాడు. రిలయన్స్‌ను 1913లోనే విరగ్గొట్టి తుక్కు చేశారు. పిల్లల కోసం చేసిన పడవ నూరేళ్లు దాటినా ఇంకా పందేల్లో తిరుగుతోంది.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. ఎడ్లను మూసలో పొయ్యలేం కదరా అని ఆయన నవ్వేశాడు. నిజమే. మనుషులనూ పొయ్యలేం. కానీ మిత్రులారా, పుస్తకాలు, పరికరాలు, రాత్రి చదువుకోవడానికి ఒక దీపం, ఇవి అందరికీ ఒకేలా అందించవచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాదంతా డిక్షనరీతో కుస్తీ పట్టిన నాలాంటి వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, ఎక్కి వచ్చిన పడవలే వేరు. సమానత్వం ఉపన్యాసంతో రాదనీ, ఎవరో ఒకరు కూర్చుని ఓపికగా మూస తయారుచేయాలనీ హెరెషాఫ్ జీవితం నాకు నేర్పింది. తర్వాత గెలుపు ఎవరిదైనా చప్పట్లు కొట్టడానికి నాకు అభ్యంతరం లేదు.