బాలల చలనచిత్రకర్త అల్బేర్ లామొరీస్

అక్షరములు నేర్వని పసివాడును గ్రహింపగల కథ తెరమీద కలదు. అట్టి కథలు కూర్చి లోకప్రఖ్యాతి గడించిన ఫ్రెంచి చిత్రకర్త అల్బేర్ లామొరీస్. ఈతడు 1922వ సంవత్సరము జనవరి 13వ తేదీన పారిస్ నగరమున జన్మించెను.

ఈతని తొలినాటి చిత్రములలో ‘బిమ్’ ఒక చిన్న గాడిద కథ. దానికి సుప్రసిద్ధ కవి జాక్ ప్రెవేర్ వ్యాఖ్యానము కూర్చెను. తరువాత 1953లో ‘తెల్ల జూలు’ వెలువడెను. దక్షిణ ఫ్రాన్సున రోన్ నది సముద్రమున గలియు చిత్తడినేలలలో ఒక బెస్త బాలునకును, ఎవరికిని లొంగని అడవి గుఱ్ఱమునకును గల్గిన మైత్రియే అందలి వస్తువు. పట్టుకొనవచ్చిన రౌతులకు చిక్కక ఆ ఇరువురును కడకు సముద్రమున బ్రవేశింతురు. కాన్ చిత్రోత్సవమున దీనికి లఘుచిత్రములకు నొసగు అగ్రబహుమానము లభించెను.

ఈతని కీర్తికి శిఖరము 1956 నాటి ‘ఎఱ్ఱ బెలూను’. నిడివి 34 నిమిషములు మాత్రమే. బడికి బోవు బాలునకు దీపస్తంభమునకు జిక్కిన బెలూనొకటి దొరకును. అది పెంపుడు జంతువువలె వాని వెంటనే తిరుగును. అసూయాపరులగు అల్లరిపిల్లలు దానిని రాళ్లతో గొట్టి చంపుదురు. అంతట పారిస్ నగరమందలి బెలూనులన్నియు ఎగిరివచ్చి దుఃఖించు బాలుని ఆకాశమునకు గొనిపోవును. కథానాయకుడు లామొరీస్ కుమారుడైన పాస్కల్. ఇందు సంభాషణలు మిక్కిలి స్వల్పము. అయినను అమెరికాలో ఉత్తమ మౌలిక చిత్రకథా రచనకు ఇచ్చు ఆస్కారు బహుమానము దీర్ఘచిత్రములను కాదని దీనికే దక్కెను. కథకు ప్రాణము మాటలు గాక భావమే యని దీనివలన తెల్లమైనది.

లామొరీస్‌కు గగనమన్న అమితమైన మక్కువ. హెలికాప్టరు కుదుపులు చిత్రమునకు సోకకుండునట్లు ఒక సాధనము గల్పించి, దాని సాయమున 1960లో బెలూను ప్రయాణ చిత్రమును తీసెను. ప్రపంచమెల్ల ఆడుకొను ‘రిస్క్’ అను బల్లయాటయు ఈతని సృష్టియే.

ఆ మక్కువయే ఈతనికి మృత్యుకారణమైనది. 1970 జూన్ 2వ తేదీన ఇరాను దేశమున చిత్రము తీయుచుండగా హెలికాప్టరు కూలి, 48వ యేట అసువులు బాసెను. తండ్రి వ్రాసియుంచిన వివరముల ననుసరించి భార్యయు కుమారుడును ఆ చిత్రమును పూర్తి గావించిరి. అది 1978లో వెలువడి ఆస్కారు పరిశీలనకు ఎంపికయ్యెను.

పిల్లలకు దుఃఖము తెలియరాదని లామొరీస్ తలపలేదు. బెలూను పగులును, గుఱ్ఱము తరుమబడును; అయినను స్నేహము నశింపదు. పసిమనస్సును తక్కువగా నెంచక గౌరవించుటయే ఈతని కళలోని గొప్పదనము. పిల్లలకై వ్రాయువారును, వారికి గ్రంథములు ఎంచి యిచ్చువారును గుర్తుంచుకొనవలసిన పాఠమిది.