రెండు కేసులు, ఒకే అనీబిసెంట్

అనీబిసెంట్ పేరు మనందరికీ సోషల్ పుస్తకంలో పరిచయమే. 1916లో హోంరూల్ లీగ్, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలు. ఒక బిట్టు, ఒక మార్కు, అంతే. ఆవిడ పిల్లల కస్టడీ కోసం రెండుసార్లు కోర్టుకెక్కిందని నాకు ఈ సెమిస్టర్ సెలవుల్లోనే తెలిసింది. మొదటి కేసులో ఆవిడ తల్లి. రెండో కేసులో ఒక తెలుగు తండ్రి తన పిల్లల్ని తనకిచ్చెయ్యమని ఆవిడ మీదే వేశాడు.

1847లో లండన్‌లో పుట్టింది. ఇరవై ఏళ్ళకి ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి పాదిరీతో పెళ్ళి. 1869లో కొడుకు డిగ్బీ, 1870లో కూతురు మేబెల్. మేబెల్ పసిగుడ్డుగా ఉన్నప్పుడు కోరింత దగ్గుతో చావు దాకా వెళ్ళొచ్చింది. ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని రాత్రిళ్ళు కూర్చున్న తల్లికి దేవుడి మీద నమ్మకం సడలిపోయింది. పాదిరీ గారి భార్యే చర్చిలో ప్రసాదం తీసుకోనంటే ఆ చిన్న ఊళ్ళో ఎలా ఉంటుందో ఊహించుకోండి. తీసుకోవాలి, లేదా ఇల్లు వదలాలి. ఆవిడ ఇల్లు వదిలింది.

విడాకులు కాలేదు. 1873లో విడిగా ఉండేటట్టు ఒప్పందం రాసుకున్నారు: కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర. ఇలాంటి ఒప్పందాలు చెల్లుతాయని అదే ఏడాది ఇంగ్లండ్‌లో చట్టం కూడా వచ్చింది. కాకపోతే అందులో ఒక ఇఫ్ కండిషన్ ఉంది. పిల్లకి మంచిది కాదని కోర్టుకి అనిపిస్తే ఆ కాగితం చెల్లదు.

తర్వాత ఆవిడ చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తిక నాయకుడితో కలిసి పనిచేసింది. 1877లో ఇద్దరూ కలిసి గర్భనిరోధం గురించి ఒక అమెరికన్ డాక్టర్ రాసిన చిన్న పుస్తకాన్ని మళ్ళీ అచ్చేశారు. అశ్లీలం అని కేసు పెట్టి శిక్ష వేశారు, అప్పీలులో సాంకేతిక కారణంతో అది ఎగిరిపోయింది. భర్తకి మాత్రం అదే ఆయుధమైంది. 1878లో కూతుర్ని తనకివ్వమని కోర్టుకి వెళ్ళాడు. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళు లాయర్లు కాలేని కాలంలో ఆవిడ తన కేసు తనే వాదించుకుంది. జడ్జి జార్జ్ జెస్సెల్ తీర్పు చదివితే వింతగా ఉంటుంది. తల్లి పిల్లని ప్రేమగా, జాగ్రత్తగా చూసుకుందని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా మతం నేర్పని తల్లి దగ్గర, అలాంటి పుస్తకం అచ్చేసిన తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదన్నాడు. మేబెల్‌కి అప్పటికి ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు.

చూడ్డానికి వెళ్ళే అనుమతి ఉండేది. కానీ ప్రతిసారీ పిల్లలు నలిగిపోతున్నారని, పెద్దయ్యాక వాళ్ళే తేల్చుకుంటారని ఆవిడ వెళ్ళడం మానేసింది. నాకు ఇక్కడే గొంతు పట్టేసింది. మా అమ్మానాన్న నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచి వేరుగా ఉంటున్నారు. ఆదివారం సాయంత్రం బ్యాగు సర్దుకోవడం ఎంత విసుగో నాకు తెలుసు. కానీ ఆ ఆదివారం రాకపోతే ఎలా ఉంటుందో అది కూడా తెలుసు. ఆ వయసులో అమ్మ రాలేదన్నదే కనిపిస్తుంది, కారణం కనిపించదు.

1893లో ఆవిడ ఇండియాకి వచ్చింది, 1907లో దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలైంది. రెవెన్యూ శాఖలో రిటైరైన జిడ్డు నారాయణయ్య గారు 1909లో సమాజంలో పని చూసుకుని మద్రాసు అడయారుకి వచ్చారు. భార్య సంజీవమ్మ గారు అప్పటికే పోయారు. ఆయన కొడుకుల్లో మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తిని సమాజంలోని లెడ్‌బీటర్ బీచ్‌లో చూసి, ఈ కుర్రాడు జగద్గురువు అవుతాడన్నాడు. 1910లో నారాయణయ్య గారు కృష్ణమూర్తికీ, తమ్ముడు నిత్యానందకీ బిసెంట్‌ని గార్డియన్‌గా ఒప్పుకుంటూ సంతకం పెట్టారు. 1912లో ఆవిడ వాళ్ళని చదువుకని ఇంగ్లండ్ తీసుకెళ్ళింది. లెడ్‌బీటర్ నీడ పిల్లల మీద పడకూడదన్న తండ్రి, వాళ్ళని వెనక్కివ్వమని కేసు వేశారు.

మళ్ళీ ఆవిడే వాదించుకుంది. మళ్ళీ ఆవిడ చేతిలో ఒక కాగితం ఉంది. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లల్ని తండ్రికి అప్పగించమంది. ఆవిడ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1914లో గెలిచింది. కౌన్సిల్ చెప్పింది కాస్త నిదానంగా చూడాలి. తండ్రి తను ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు, కాగితం ఆయన్ని కట్టెయ్యదు. అంటే కాగితం విషయంలో ఆవిడ ఓడినట్టే. కానీ పిల్లలు ఉన్నది ఇంగ్లండ్‌లో కాబట్టి అడగాల్సింది అక్కడి కోర్టుని. పైగా, అసలు ఆ అబ్బాయిల ఇష్టమేంటో మద్రాసులో ఎవరూ కనుక్కోలేదు. కృష్ణమూర్తికి అప్పటికి పందొమ్మిదేళ్ళు, నా వయసే. లా చదివేవాళ్ళు ఈ కేసుని ఇప్పటికీ చదువుతారు.

మేబెల్‌ని 1878లో ఎవరూ అడగలేదు. ఆ బాధ తెలిసిన మనిషి నారాయణయ్య గారితో ఇంకోలా మాట్లాడి ఉండొచ్చని నాకు అనిపిస్తుంది. ఆవిడ అభిమానులు ఒప్పుకోరనుకోండి.

డిగ్బీ, మేబెల్ పెద్దయ్యాక తల్లి దగ్గరికి వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, ఆవిడ సమాజంలో కూడా చేరారు. 1915లో మదనపల్లెలో ఆవిడ పెట్టిన కాలేజీ ఇప్పటికీ బిసెంట్ పేరుతోనే నడుస్తోంది. నారాయణయ్య గారి ఇంటికి మాత్రం ఆ ఇద్దరు కొడుకులూ మళ్ళీ ఉండటానికి రాలేదు.